తిన్నది కాదు, ఒంటబట్టిందే ఆహారం



ఈసారి మేము ఒక చెంచా నూనె గురించి రాయదలిచాము. ఇంత చిన్న విషయానికి ఇన్ని పేజీలా అని మీరు అనుకోవచ్చు. కానీ ఇందులో మా పొరపాటు కూడా ఉంది. ముందుగా దాన్నే చెబుతాము.

యాచారం వైపు పల్లె నుండి ఒక అమ్మ మూడేళ్ల కొడుకును పిల్లల ఓపీకి తీసుకువచ్చింది. వాళ్లది కూరగాయలు పండించే ఇల్లు. పాలకూర, తోటకూర, టమాట పట్నం మార్కెట్‌కు పంపుతారు. ఇంట్లో ఆకుకూరకు కొదువ లేదు. అయినా పిల్లవాడి బరువు కార్డులో గీత కిందికి జారుతోంది. చర్మం గరుకుగా ఉంది. నెలలో రెండుసార్లు దగ్గో, విరేచనాలో వస్తున్నాయి. ఏమి పెడుతున్నావమ్మా అని అడిగాము.

"రోజు ఆకుకూరనే పెడుతున్న సిస్టరమ్మా. ఉడకబెట్టి, ఇంత ఉప్పేసి, అన్నంల కలిపి పెడుత. నూనె చుక్క గూడ ఇంట్ల ముట్టనిస్తలేము" అని ఎంతో తృప్తిగా చెప్పింది. ఎవరు చెప్పారు అని అడిగితే, "మీరే రాసిండ్రు గదా" అంటూ సంచిలో నుండి ప్లాస్టిక్ కవరులో భద్రంగా మడిచి పెట్టిన కాగితం తీసింది. రెండేళ్ల క్రితం ఆమె మామగారు గుండెనొప్పితో మా దగ్గర చేరి ఇంటికి వెళ్లేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి కాగితం అది. "నూనె, నెయ్యి, గుడ్డు, మీగడ వద్దు" అని ఉంది. చేతిరాత మా నర్సుదే.

పొలం పనులు చేసుకునే ఇంట్లో ఒక్క మనిషి కోసం వేరే వంట ఎవరు వండుతారు? పెద్దాయనకు వద్దన్నది ఇంటిల్లిపాదికీ వద్దయిపోయింది. పిల్లవాడికీ అదే అన్నం, కడుపుతో ఉన్న చిన్న కోడలికీ అదే అన్నం. అదే సంచిలో ఒక మందుల డబ్బా కూడా కనబడింది. పెద్దాయన ఎముకల నొప్పులకు పట్నం నుండి తెచ్చిన విటమిన్ డి చిన్న సీసాలు. సీసా మీద "నానో" అని రాసి ఉంది. వారానికి ఒకటి తాగవలసినది, బలం వస్తుందని రోజుకు ఒకటి తాగుతున్నారట. డాక్టరుగారు వెంటనే ఆపించి, రక్తంలో కాల్షియం పరీక్ష చేయించారు. దేవుని దయవల్ల అది హద్దులోనే ఉంది.

ఒక చెంచా నూనె మానేసిన ఇల్లు, అదే నూనెను చిన్న చుక్కలుగా చేసి సీసాలో పెట్టి అమ్మితే డబ్బు పోసి కొంటోంది. ఇది ఆ ఇంటివారి తప్పు అని మేము అనడం లేదు. "వద్దు" అని ఒక్క మాట రాసి చేతులు దులుపుకున్న మా తప్పు.

ఒంటబట్టడం అంటే ఏమిటి?

"ఎంత తిన్నా ఒంటబట్టడం లేదు" అని మన పెద్దలు అనేవారు. ఆ మాటలో పెద్ద శాస్త్రమే ఉంది. నోట్లో వేసుకున్నదంతా శరీరానికి చేరదు. పేగు గోడ దాటి లోపలికి వెళ్లినదే మనకు ఆహారం. మిగతాది మలంతో పోతుంది.

విటమిన్లలో కొన్ని నీటిలో కరుగుతాయి. బి రకం విటమిన్లు, సి విటమిన్ అలాంటివి. ఎ, డి, ఇ, కె అనే నాలుగు మాత్రం నీటిలో కరగవు, కొవ్వులోనే కరుగుతాయి. ఆకుకూరలు, క్యారెట్, పండిన బొప్పాయి, మామిడిపండులో ఉండే కెరోటిన్ కూడా అంతే. మన శరీరం ఈ కెరోటిన్ నుండే విటమిన్ ఎ తయారు చేసుకుంటుంది. కొవ్వు తోడు లేకపోతే అది ఆకులో ఉన్నట్టే ఉండి బయటికి పోతుంది.

మరి పేగులో ఉన్నదంతా నీళ్లు. నూనె నీళ్లలో కలవదు కదా? ఒక గ్లాసు నీళ్లలో చెంచా నూనె పోసి చూడండి, పైన తేలుతుంది. మూత పెట్టి బాగా ఊపితే కాసేపు తెల్లగా కలిసినట్టు ఉండి మళ్లీ విడిపోతుంది. అందులో కొద్దిగా గుడ్డు పచ్చసొన వేసి ఊపితే మాత్రం తెల్లగా, చిక్కగా అలాగే నిలిచి ఉంటుంది. పచ్చసొనలోని లెసిథిన్ అనే పదార్థం ప్రతి నూనె చుక్క చుట్టూ పొరలాగా చేరి, చుక్కలు మళ్లీ ఒకదానితో ఒకటి కలవకుండా ఆపుతుంది. ఇలా నీటిలో నూనె సన్నని చుక్కలుగా నిలిచి ఉన్నదాన్నే ఎమల్షన్ అంటారు. మనం రోజూ తాగే పాలు ఎమల్షనే. తల్లిపాలూ ఎమల్షనే. కొబ్బరిపాలు కూడా అంతే.

చుక్క చిన్నదైతే లాభమేమిటి? ఒక మిల్లీమీటరు నూనె చుక్కను మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉండే చుక్కలుగా విడగొడితే వంద కోట్ల చుక్కలవుతాయి. నూనె అంతే ఉంటుంది, కానీ దాని పైభాగం మొత్తం వెయ్యి రెట్లు పెరుగుతుంది. కొవ్వును అరిగించే రసాలు చుక్క పైభాగం మీదనే పని చేస్తాయి. పని చేసే చోటు వెయ్యి రెట్లయితే అరుగుదల ఎంత సులువవుతుందో మీరే ఆలోచించండి.

ఈ పని మన కడుపులో రోజూ జరుగుతూనే ఉంటుంది. కాలేయం రోజుకు సుమారు అర లీటరు నుండి లీటరు వరకు పైత్యరసం తయారు చేస్తుంది. అది నూనెను సన్నని చుక్కలుగా విడగొడుతుంది. క్లోమరసం ఆ చుక్కలను అరిగిస్తుంది. అప్పుడు కొవ్వుతో పాటు విటమిన్లు కూడా పేగు గోడ దాటుతాయి.

ఇది పుస్తకాల్లో మాటే కాదు, మేము వార్డులో కళ్లారా చూసేదే. పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చిన రోగికి పైత్యరసం పేగులోకి దిగదు. మలం తెల్లగా సుద్దలాగా వస్తుంది. ఆ మనిషి ఎంత ఆకుకూర తిన్నా విటమిన్ కె ఒంటబట్టదు. రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు విటమిన్ కె ఇంజెక్షన్ చేస్తాము. తినడానికీ ఒంటబట్టడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ మంచం దగ్గర నిలబడితే తెలుస్తుంది.

మన హైదరాబాదులో తేలిన సంగతి

ఈ విషయం తెలుసుకోవడానికి ఎక్కడికో పోనక్కరలేదు. మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో తమిళనాడు కొండల్లోని కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1950ల చివరలో హైదరాబాదుకు వచ్చి, 1969లో ఇప్పటి పేరు పొందింది.

ఆ సంస్థ పరిశోధకులు చిన్నపిల్లలకు ఆకుకూర పెట్టి చేసిన ఒక అధ్యయనం 1980లో అచ్చయింది. ఆకుకూరతో పాటు భోజనంలో 5 గ్రాముల కొవ్వు చేర్చితే పిల్లల రక్తంలో విటమిన్ ఎ బాగా పెరిగింది. 10 గ్రాములు చేర్చినా అంతకన్నా ఎక్కువ పెరగలేదు. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. 5 గ్రాములు అంటే సుమారు ఒక టీ చెంచా. ఒక చెంచా కావాలి, ఒక చెంచా చాలు. నూనె మానేసేవారికీ, గరిటెతో గుమ్మరించేవారికీ ఇందులో జవాబు ఉంది.

విటమిన్ ఎ లోపం ఎంత చేటు తెస్తుందో ఇప్పటి తల్లులకు అంతగా తెలియదు. అది మంచిదే. మేము నర్సింగ్ శిక్షణ పొందే రోజుల్లో పొద్దుగూకగానే తడుముకుంటూ నడిచే పిల్లలు వచ్చేవారు. రేచీకటి అంటాము. అది ముదిరితే నల్లగుడ్డు మెత్తబడి చూపే పోతుంది. ఆ కష్టాన్ని ఆపడానికే 1970లో పిల్లలకు విటమిన్ ఎ ద్రావణం ఇచ్చే కార్యక్రమం మొదలైంది. దానికి పునాది వేసినది మన జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలే. ఇప్పటికీ తొమ్మిదో నెలలో 1 లక్ష యూనిట్లు, ఆ తరువాత ఐదేళ్లు నిండే వరకు ఆరు నెలలకు ఒకసారి 2 లక్షల యూనిట్లు, మొత్తం 9 మోతాదులు ఇస్తారు. పైన చెప్పిన పిల్లవాడికి తప్పిపోయిన మోతాదు ఆ రోజే వేశాము.

దాచుకోవడం కూడా తెలియాలి

ఒంటబట్టే ముందు విటమిన్ మన వంటింట్లో బ్రతికి ఉండాలి. వెలుతురు, గాలి, వేడి ఈ మూడూ విటమిన్ ఎకు శత్రువులు. అందుకే ఆ ద్రావణం ముదురు రంగు సీసాలో వస్తుంది. మూత తీసిన సీసాను 8 వారాల లోపల వాడేయాలని మాకు నియమం. సీసా మీద మూత తీసిన తేదీ రాసి పెడతాము. ఇంట్లో మాత్రం చాలామంది నూనెను తెల్ల సీసాలో పోసి, పొయ్యి పక్కన, కిటికీ ఎండలో పెడతారు. అటువంటి నూనెలో విటమిన్ నిలవదు, నూనె కూడా చిక్కువాసన వేస్తుంది.

2018లో ఆహార భద్రతా సంస్థ తెచ్చిన నియమాల ప్రకారం, విటమిన్ ఎ, డి కలిపిన నూనె ప్యాకెట్ల మీద, పాల ప్యాకెట్ల మీద నీలిరంగులో ప్లస్, ఎఫ్ కలిసిన గుర్తు ఉంటుంది. కొనేటప్పుడు చూడండి. కానీ ఆ నూనెతోనే పండుగకు గారెలు కాల్చి, మిగిలినది దాచి, మళ్లీ బజ్జీలు వేసి, ఆ మిగిలినది కూరలో పోస్తే కలిపిన విటమిన్ చాలావరకు పోతుంది, చెడు మిగులుతుంది.

పాలల్లో కొవ్వు చుక్కల చుట్టూ సహజంగానే సన్నని పొర ఉంటుంది. విటమిన్ ఎ ఆ చుక్కల్లోనే దాగి ఉంటుంది. మీగడ తీసేస్తే విటమిన్ ఎ కూడా దానితో పాటే పోతుంది. పెద్దలకు 3 శాతం కొవ్వు ఉండే టోన్డ్ పాలు సరిపోతాయి. ఎదిగే చిన్నపిల్లల పాలల్లో మీగడ తీయవద్దు, నీళ్లు కలపవద్దు. పాల ప్యాకెట్లను ఎండలో ఉంచవద్దు.

మునగాకు, కరివేపాకు ఎండబెట్టి పొడి చేసుకునేవారు ఎండలో కాక నీడలో ఆరబెట్టండి. కెరోటిన్ ఎక్కువగా నిలుస్తుంది.

సీసాల మందుల సంగతి

స్కాట్స్ ఎమల్షన్ సీసా మీద వీపున పెద్ద చేపను మోస్తున్న జాలరి బొమ్మ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాడ్ చేప కాలేయపు నూనె ఉత్తగా తాగాలంటే వాసనకే పిల్లలు పారిపోతారు. దానిని ఎమల్షన్‌గా చేస్తే గొంతు దిగుతుంది, అరుగుతుంది కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో నార్వే నుండి ఆ నూనె రావడం ఆగిపోతే మన దేశంలో సొరచేప కాలేయపు నూనె తయారు చేసుకున్నారు. ఇప్పుడు వస్తున్న నానో మందులు ఆ దారిలోనివే. చుక్క ఇంకా చిన్నది, ధర ఇంకా పెద్దది.

ఈ మందులను మేము కాదనడం లేదు. పైత్యరసం సరిగా దిగనివారికి, పేగు జబ్బులతో కొవ్వు అరగనివారికి అవి ఉపయోగపడవచ్చు. ఎవరికి అవసరమో డాక్టరు చెబుతారు. అరుగుదల బాగున్న మనిషి మామూలు విటమిన్ డి మాత్రను మధ్యాహ్నం పప్పన్నం తిన్న తరువాతనో, రాత్రి పాలతోనో వేసుకుంటే చక్కగా ఒంటబడుతుంది. పరగడుపున నీళ్లతో మింగితే అంత బాగా పట్టదు. ఇంకొక మాట. 60,000 యూనిట్ల మందు సాధారణంగా వారానికి ఒకటి, అదీ డాక్టరు చెప్పినన్ని వారాలే. ఎక్కువైన సి విటమిన్ మూత్రంలో పోతుంది. ఎక్కువైన ఎ, డి విటమిన్లు అలా పోవు, ఒంట్లోనే నిలిచి హాని చేస్తాయి. గర్భిణులు డాక్టరు చెప్పనిదే విటమిన్ ఎ మందు ముట్టరాదు.

మా మాట

మా నర్సుల్లోనే కొందరు ఇలా వాదిస్తారు. "కొలత చెబితే ఎవరూ పాటించరు సిస్టర్. పూర్తిగా మానమంటేనే కనీసం సగం మానతారు." ఈ వాదనలో అనుభవం లేకపోలేదు. గుండెజబ్బు వచ్చాక కూడా వారం వారం దావతుల్లో తలకాయ కూర తినేవారిని మేము చూస్తూనే ఉన్నాము.

కానీ ఆలోచించండి. మాట విననివాడు "వద్దు" అన్నా తింటాడు, "రెండు చెంచాలు" అన్నా తింటాడు. మన అతిశయోక్తి వల్ల అతనికి ఒరిగేదేమీ లేదు. మాట వినేవారే నష్టపోతారు. కాగితాన్ని కవరులో పెట్టి రెండేళ్లు దాచిన ఆ అమ్మ లాంటివారు, వడ్డించిన దానిని మాట్లాడక తినే కోడళ్లు, అడగడం తెలియని పిల్లలు. మమ్మల్ని నమ్మినవారికే మా మాట చేటు చేయడం న్యాయం కాదు. అందుకే "వద్దు" అనే మాట రాయడం మానాలని, కొలత రాయాలని మా అభిప్రాయం. గుండెజబ్బు ఉన్నవారికి కూడా, డాక్టరు వేరుగా చెప్పకపోతే, రోజు మొత్తానికి మూడు నాలుగు టీ చెంచాల వంటనూనె అని, నెయ్యి, డాల్డా, వేపుళ్లు తగ్గించమని స్పష్టంగా రాయాలి. కింద ఇంకొక వరుస ఉండాలి: "ఇది ఈ రోగికి మాత్రమే. ఇంట్లో పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు వర్తించదు."

కామెర్లు వచ్చినవారి పథ్యం సంగతీ ఇంతే. వాంతులు, వికారం ఉన్న రోజుల్లో నూనె తగ్గించడం మంచిదే. తగ్గిన తరువాత కూడా నెలల తరబడి ఉప్పు, నూనె లేని చప్పిడి కూడు తినవలసిన పని లేదు. ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరును అడగండి. పిత్తాశయంలో రాళ్లు, క్లోమం వాపు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన హద్దు దాటవద్దు.

ఇంట్లో ఏమి చేయవచ్చు?

పాలకూర పప్పు, తోటకూర పప్పు వండి బాగా ఎనిపి, చెంచా నూనెతో పోపు పెట్టండి. మెత్తగా ఉడికితే ఆకులోని కెరోటిన్ బయటికి వస్తుంది. ఎనిపిన పప్పులో నూనె సన్నగా కలిసిపోతుంది. గంగవాయిలి కూర, పొన్నగంటి కూర, మునగాకు ఏదైనా ఇదే పద్ధతి.

నూనె కొనడం భారమైతే పల్లీల పొడి, నువ్వుల పొడి అన్నంలో కలపండి. గింజలోని నూనె సన్నని చుక్కలుగానే ఉంటుంది. మెత్తగా దంచితే బాగా అరుగుతుంది.

క్యారెట్ రసం వడకట్టి పిల్లలకు పట్టడం కన్నా, క్యారెట్ ఉడికించి చెంచా నూనెతో కూర చేసి పెట్టడం మేలు.

ఆరు నెలలు నిండిన బిడ్డకు మెత్తని పప్పన్నంలో అర చెంచా నూనె గాని నెయ్యి గాని వేయండి. నీళ్ల జావతో చిన్న పొట్ట నిండుతుంది గాని బలం రాదు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిల్లవాడికే పెట్టండి, ఇంట్లో అందరికీ పంచవద్దు.

ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప వేరేది అక్కరలేదు. ఒకవైపు పాలు పూర్తిగా తాగనిచ్చి, తరువాతే రెండోవైపుకు మార్చండి. చివర వచ్చే పాలల్లోనే కొవ్వు ఎక్కువ. పిండి దాచిన పాలు పైన మీగడలాగా తేలితే చెడిపోయాయని పారబోయకండి, మెల్లగా తిప్పితే కలుస్తాయి.

గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీ భోజనం, గుడ్డు, పాలు వదులుకోవద్దు. ఆరోగ్యలక్ష్మి పేరుతో 2015లో మొదలైన ఈ భోజనంలో రోజుకు 200 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు ఇచ్చేటట్టు ఏర్పాటు చేశారు. ఆకుకూర పప్పు, గుడ్డు, పాలు ఒకే విస్తట్లో ఉంటే ఒకదానికొకటి సాయం చేస్తాయి.

ఆ పిల్లవాడు మూడు నెలలుగా క్రమం తప్పకుండా వస్తున్నాడు. విటమిన్ మోతాదు, నులిపురుగుల మందు, చెంచా నూనెతో పప్పు, రోజుకు ఒక గుడ్డు. ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పలేము గాని కార్డులో గీత పైకి మళ్లింది. ఆ పాత కాగితాన్ని మేము అడిగి తీసుకున్నాము. దాని బదులు కొత్తది రాసి ఇచ్చాము.

మీ ఇంట్లో కూడా మేము రాసిచ్చిన పాత కాగితాలు ఉండవచ్చు. ఎంతకాలం నాటివైనా సరే, ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు తీసుకురండి. ఎవరి కోసం రాసినది, ఇంట్లో ఎవరెవరు పాటిస్తున్నారు, ఇంకా పాటించాలా వద్దా అని కూర్చుని మాట్లాడుకుందాము. మీరు పప్పులో నూనె వేసే చెంచా కూడా సంచిలో వేసుకుని రండి. చెంచాలు అన్నీ ఒకే కొలత కావు. అక్కడే కొలిచి చెబుతాము.